గోరుచుట్టు వదిలి ఏడాది: నేను వాడుతున్న గ్లవ్స్, నెయిల్ కట్టర్, వేజలిన్ గురించి

గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. తొమ్మిదేళ్ళ నుంచి నడుపుతున్నాం. పొద్దున ఐదున్నరకి చేతులు నీళ్ళలో పెడితే మధ్యాహ్నం రెండింటి దాకా పూర్తిగా ఆరవు. గోంగూర ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్ళు కడగాలి, చింతపండు పిసకాలి, నిమ్మకాయలు పిండాలి, పచ్చిమిరపకాయలు తొడిమలు తీయాలి, మధ్యమధ్యలో గరిటెలూ గిన్నెలూ తోమాలి. ఇలాంటి పని చేసే చేతుల కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. ఇందులో చెప్పే వస్తువులన్నీ నా డబ్బుతో కొన్నవే. ఏడాదికి పైగా వాడాకే రాస్తున్నాను.

ముందు ఇవి ఎందుకు కొనాల్సి వచ్చిందో చెప్పాలి. రెండేళ్ళ కిందట మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం ఉందని ఒక పార్లర్‌కి వెళ్ళి మానిక్యూర్ చేయించుకున్నాను. గోరు మొదట్లో పల్చగా, గోటికి అంటుకుని ఉండే చర్మం ఉంటుంది కదా, దాన్ని క్యూటికల్ అంటారు. ఆ అమ్మాయి చిన్న కత్తెరతో దాన్ని చుట్టూ శుభ్రంగా కత్తిరించేసింది. గోళ్ళు చాలా అందంగా కనిపించాయి. ఫంక్షన్ అయ్యాక మామూలుగా పనిలోకి దిగాను. వారం తిరక్కుండానే కుడి చేతి ఉంగరపు వేలు గోరు పక్కన ఎర్రబడింది. మర్నాటికి వాచింది. మూడో రోజు రాత్రంతా గుండె కొట్టుకున్నట్టు వేలు కొట్టుకుంది.

అత్తయ్య నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడిగారు. మన ఇళ్ళలో అందరూ చేసేదే. ఆ పులుపు తగిలి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాపు మాత్రం తగ్గలేదు. వేపాకు, పసుపు నూరి కట్టాం. చివరికి చీము పట్టాక క్లినిక్‌లో కోసి తీశారు, మందులిచ్చారు, తగ్గింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ సామెత చెప్పినవాళ్ళకి తప్పకుండా గోరుచుట్టు వచ్చి ఉంటుంది. ఆ వేలికి గ్రైండర్ మూత తగిలినప్పుడు నేను నేల మీద కూర్చుండిపోయాను.

తగ్గిందనుకుంటే నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. ఈసారి చీము లేదు, అంత నొప్పీ లేదు. కానీ గోరు చుట్టూ చర్మం ఉబ్బి మెరుస్తూ ఉండేది, గోటికీ చర్మానికీ మధ్య సందు కనిపించేది. పక్క వేలికి కూడా వచ్చింది. నాలుగు నెలలు అలాగే నడిచింది. గోరు మీద అడ్డంగా అలలు అలలుగా గాళ్ళు పడ్డాయి. అప్పుడు కొత్తపేటలో ఒక స్కిన్ డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ వేలు చూడకముందే అడిగిన ప్రశ్న, "రోజుకి ఎన్ని గంటలు చేతులు తడిలో ఉంటాయమ్మా?"

లెక్కపెట్టి చెప్పాను. ఏడెనిమిది గంటలు.

"కుక్కర్‌కి గ్యాస్కెట్ ఎలాగో గోటికి ఈ చర్మం అలాగమ్మా. అది ఊడిపోయింది. నీళ్ళు లోపలికి పోతున్నాయి, లోపల ఆరడం లేదు. నేను మందిస్తాను. కానీ మీరు వేలు పొడిగా ఉంచకపోతే ఎన్ని మందులిచ్చినా మళ్ళీ వస్తుంది" అన్నారు.

నాకు మొదటిసారి విషయం అర్థమైంది. మొదట వచ్చింది సూక్ష్మక్రిమి వల్ల వచ్చిన చీముగడ్డ. రెండోసారి వచ్చింది తడి వల్ల వచ్చిన జబ్బు. ఆరు వారాలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాలపు గోరుచుట్టు అంటారట. వంటవాళ్ళకీ, అంట్లు తోమేవాళ్ళకీ, బట్టలు ఉతికేవాళ్ళకీ, బార్ కౌంటర్‌లో గ్లాసులు కడిగేవాళ్ళకీ ఎక్కువగా వస్తుందట. నాకు ఏ మందులిచ్చారో ఇక్కడ రాయను. ఎవరి వేలికి ఏం కావాలో చూసిన డాక్టరే చెప్పాలి. ఆవిడ చెప్పిన జాగ్రత్తల కోసం నేను కొన్న వస్తువుల సంగతి మాత్రం వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినవి గ్లవ్స్. అన్నిటికంటే ఎక్కువ తప్పులు చేసిందీ వాటి దగ్గరే.

మొదట వన్ టైమ్ పల్చటి ప్లాస్టిక్ గ్లవ్స్ కొన్నాను, వంద ఉన్న డబ్బా. అవి అరగంటకి చిరిగిపోయేవి, మణికట్టు దగ్గర వదులుగా ఉండి నీళ్ళు లోపలికి దిగేవి. ఆ తర్వాత సూపర్ మార్కెట్‌లో దొరికే మందమైన రబ్బరు గ్లవ్స్ కొన్నాను. లోపల మెత్తగా నూగు ఉంటుంది, అది చూసి ముచ్చటపడ్డాను. వారానికే ఆ నూగు చెమట పట్టి వాసన వచ్చింది. తిరగేసి ఆరేస్తే రోజంతా ఆరలేదు. అంటే బయటి నీళ్ళు ఆపి, లోపల నా చెమటలోనే వేళ్ళని నానబెట్టానన్నమాట. రెండోసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఈ మాట చెబితే డాక్టరమ్మ గారు, లోపల పల్చటి తెల్లటి కాటన్ గ్లవ్స్, పైన నూగు లేని రబ్బరు గ్లవ్స్ వేసుకోమన్నారు. అదీ ఒక్కసారికి ఇరవై నిమిషాలు దాటకుండా. కాటన్ తడిసిందనిపిస్తే వెంటనే మార్చమన్నారు.

కాటన్ గ్లవ్స్ డజను జతలు 180 రూపాయలకి దొరికాయి. పరేడ్‌లో పిల్లలు వేసుకునేవి ఉంటాయి చూడండి, అవే. పైన వేసే రబ్బరువి జత 95 రూపాయలు. లోపల ఇంకో గ్లవ్ పడుతుంది కాబట్టి మామూలు కంటే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. నాకు మీడియం సరిపోతుంది, లార్జ్ తీసుకున్నాను. రెండు రంగులు పెట్టుకున్నాం. పసుపు రంగువి అంట్లకి, నీలం రంగువి ఆకుకూరలు, చింతపండు, నిమ్మకాయలకి. వాటినీ వీటినీ ఎప్పుడూ కలపం. తినే వస్తువు ముట్టుకునే గ్లవ్ అంట్ల సబ్బు నీళ్ళలో పడకూడదు.

వాడే పద్ధతి ఇది. చేతులు కడుక్కుని, వేళ్ళ సందులతో సహా పొడిగా తుడుచుకుంటాను. గోరు చుట్టూ కొంచెం వేజలిన్ అద్దుతాను. కాటన్ వేసుకుని, దాని అంచు మణికట్టు మీదికి లాగి, పైన రబ్బరు గ్లవ్ తొడుగుతాను. రబ్బరు గ్లవ్ అంచుని ఒక మడత బయటికి తిప్పుతాను. చేయి పైకెత్తినప్పుడు కారే నీళ్ళు ఆ మడతలో ఆగుతాయి, మోచేతి వైపు రావు, లోపలికీ పోవు. ఈ చిన్న మడత నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. పని అయ్యాక పైగ్లవ్స్‌ని బయటి వైపు ఒకసారి కడిగి, వేళ్ళు కిందికి వేలాడేలా కాకుండా నోరు కిందికి ఉండేలా దండెం మీద క్లిప్ పెడతాను. నీళ్ళు వేళ్ళ చివర్లో నిలవవు. కాటన్‌వి రోజూ సాయంత్రం ఉతికి ఎండలో వేస్తాను. డజను కొంటే రోజుకి నాలుగు జతలు మారుస్తూ వాడొచ్చు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటి పది రోజులు పని నెమ్మదించింది. గోంగూర ఆకులు తుంచడం గ్లవ్స్‌తో నాకు ఇప్పటికీ రాదు, అది పొడి పని కాబట్టి మామూలు చేతులతోనే చేస్తాను. ఎండాకాలంలో, మన గుంటూరు మే నెలలో, పొయ్యి పక్కన గ్లవ్స్‌లో ఇరవై నిమిషాలు అంటే చాలా ఎక్కువ. అప్పుడు పది నిమిషాలకే తీసేస్తాను. కొందరికి రబ్బరు పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్ళు వినైల్‌వి అడిగి తీసుకోవాలి. రబ్బరు గ్లవ్‌కి సూది మోపినంత చిల్లు పడినా ఇక పారేయడమే. లోపలికి దిగిన నీళ్ళు బయటికి పోవు.

అనుకోకుండా కలిగిన లాభం ఒకటుంది. మిరపకాయల పని చేశాక రాత్రి చేతులు మండేవి. తొమ్మిదేళ్ళుగా అది ఉద్యోగంలో భాగమే అనుకున్నాను. ఇప్పుడు మంట లేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎండాకాలం కోసం తగ్గించాను.

రెండో వస్తువు నెయిల్ కట్టర్. ఇది చేతుల కోసం కాదు, కాళ్ళ కోసం కొన్నది. మామూలు నెయిల్ కట్టర్ నోరు లోపలికి వంపు తిరిగి ఉంటుంది. నేను కొన్న దాని నోరు తిన్నగా ఉంటుంది, సైజు కూడా పెద్దది. 260 రూపాయలు. స్టీలుది, కింద చిన్న డబ్బాలా ఉండి తెగిన గోరు ముక్కలు అందులో పడతాయి.

తిన్నటి నోరు ఎందుకంటే, కాలి బొటనవేలి గోరుని గుండ్రంగా, మూలలు లోపలికి తీసి కత్తిరిస్తే ఆ మూల పెరిగేటప్పుడు పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. మా అబ్బాయికి ఇంటర్‌లో అదే జరిగింది. గోళ్ళు చేత్తో చింపేవాడు, పైన బిగుతు క్రికెట్ షూస్. బొటనవేలి పక్కన కండ పెరిగి రసి కారింది. చివరికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గోరు పక్క భాగం తీయాల్సి వచ్చింది. పరీక్షలకి చెప్పులతో వెళ్ళాడు. కాలిగోరుని తిన్నగా, వేలి కొసకి సమానంగా ఉండేలా కత్తిరించాలని అప్పుడు తెలియదు. మరీ లోతుగా తీసినా ముందున్న కండ పైకి లేచి గోటికి అడ్డం పడుతుంది.

ఈ కట్టర్‌ని ఎక్కువగా వాడేది మామయ్య గారి కాళ్ళకి. ఆయనకి షుగర్ పధ్నాలుగేళ్ళ నుంచి ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గింది. ఇంతకుముందు ఆయనే కిటికీ దగ్గర కూర్చుని బ్లేడుతో గీసుకునేవారు. ఒకసారి తెగి రక్తం వస్తున్నా ఆయనకి తెలియలేదు. చాప మీద మరకలు చూసి అత్తయ్య కేకలేశారు. ఆ రోజు నుంచి ఆయన గోళ్ళ పని నాది.

బుధవారం ఆయన స్నానం చేసి వచ్చాక మొదలుపెడతాం. మంగళవారం, శుక్రవారం గోళ్ళు తీయడం అత్తయ్య ఒప్పుకోరు, దీపాలు పెట్టాక అసలు ఒప్పుకోరు. వెలుతురు బాగున్నప్పుడే చేస్తున్నాం కాబట్టి నాకూ అదే మంచిదనిపిస్తుంది. స్నానం అయ్యాక గోరు మెత్తబడి ఉంటుంది, పగలదు. ముందు పాదం నా మోకాలి మీద పెట్టుకుని తువ్వాలుతో ఒక్కో వేలి సందు తుడుస్తాను. చిటికెనవేలి పక్క సందు ఆయనకి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఒకప్పుడు అక్కడ చర్మం తెల్లగా నాని చిట్లింది. తర్వాత అరికాలు, మడమ చూస్తాను. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా ఆయన చెప్పలేరు కాబట్టి ఆయన కాళ్ళకి నా కళ్ళే దిక్కు. ఈ చూడటం మాత్రం వారానికోసారి కాదు, రోజూ రాత్రి చేస్తాను.

బొటనవేలి గోరు మందంగా, పసుపు రంగులో ఉంటుంది. దాన్ని ఒక్క నొక్కుతో తీయకూడదు. ఒక అంచు నుంచి చిన్న చిన్న ముక్కలుగా, బియ్యపు గింజంత, బియ్యపు గింజంత తీసుకుంటూ రెండో అంచుకి వెళ్ళాలి. పెద్ద నోరు, బరువైన పిడి అక్కడ పనికొస్తాయి. మామూలు కట్టర్ జారిపోతుంది, జారితే చర్మం తెగుతుంది. కత్తిరించాక గోరు కింద నుంచి తెల్లటి పొడి రాలింది మొదట్లో. మురికి అనుకున్నాను. డాక్టరమ్మ గారు ఆ పొడినే కొంచెం గీకి పరీక్షకి పంపారు, ఫంగస్ అని తేలింది. పిప్పిగోళ్ళు అని మనం అనేవాటిలో చాలా వరకు ఇవేనట. కాలిగోటి ఫంగస్‌కి మాత్రలు నెలల తరబడి వాడాలి, మధ్యలో ఆపితే లాభం లేదు. మాత్రలు అయిపోయినా గోరు వెంటనే బాగుపడదు. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు దాంట్లో సగం కూడా పెరగదు. బొటనవేలి గోరు మొదటి నుంచి కొస దాకా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మామయ్య గారికి ఇప్పుడు కింద సగం శుభ్రంగా వచ్చింది, పై సగం ఇంకా పాతదే. ఆ గీత ప్రతి బుధవారం కొంచెం ముందుకి జరగడం చూస్తుంటే ఆయనకి ఎంత సంతోషమో నాకూ అంతే.

ఆయన కట్టర్ వేరు, మాది వేరు. ఆయన దానికి నల్ల దారం కట్టాను. వాడాక సబ్బుతో కడిగి, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరబెడతాను. కట్టర్‌లో లోపం ఏమిటంటే, గోరు ముక్కలు పడే డబ్బా మూత మూడు నెలలకే వదులైంది. పది నెలలకి పదును కొంచెం తగ్గింది. చేతి గోళ్ళకి ఇది సరిపోదు, మూలలు మరీ సూదిగా మిగులుతాయి. చేతి గోళ్ళకి నేను పాత వంపు కట్టరే వాడతాను. నాలుగు మార్కులు.

షుగర్ ఉన్నవాళ్ళ గురించి ఒక్క మాట. స్పర్శ బాగా తగ్గినా, గోరు లోపలికి దిగినా, ఆనెకాయలు ఉన్నా ఇంట్లో ఏ పరికరంతోనూ ప్రయోగాలు చేయకండి. ఆనెకాయ ప్లాస్టర్లూ వేయకండి, వాటిలో ఉండే యాసిడ్ మంచి చర్మాన్ని కూడా కాల్చేస్తుంది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టే ముందు ఇంకొకరు మోచేత్తో వేడి చూడాలి. ఉత్త కాళ్ళతో ఇంట్లో కూడా నడవకూడదు. మామయ్య గారు గుడికి వెళ్ళినప్పుడు మే నెల ఎండలో బండల మీద నడుస్తానంటే నేను గట్టిగా కాదన్నాను. కోడలు ఎదురు చెప్పిందని అనుకున్నా ఫరవాలేదనుకున్నాను.

మూడోది వేజలిన్. దీని గురించి రాయడానికి ఎక్కువ లేదు, ప్రతి ఇంట్లో ఉండేదే. రాత్రి పడుకునే ముందు పది వేళ్ళకీ గోరు మొదట్లో అద్ది, నెమ్మదిగా రుద్దుతాను. గోరు మాటిమాటికీ తడిసి ఆరుతుంటే పొరలు పొరలుగా చిట్లుతుంది, అది ఆగింది. కొబ్బరినూనె కూడా వాడి చూశాను, బాగానే ఉంటుంది కానీ వేజలిన్ ఎక్కువ సేపు నిలుస్తుంది. వాపు, చీము ఉన్నప్పుడు మాత్రం ఇది మందు కాదు. ఐదుకి ఐదు.

కొని పశ్చాత్తాపపడినది ఒకటుంది. ఆన్‌లైన్‌లో పన్నెండు పరికరాల పెడిక్యూర్ కిట్, 499 రూపాయలు. లెదర్ లాంటి అట్టపెట్టెలో మెరుస్తూ వచ్చింది. అందులో సగం పరికరాలు క్యూటికల్ కత్తిరించడానికీ, గోరు కింద గుచ్చి మురికి తీయడానికీ. ఏ పని వల్ల నాకు జబ్బు వచ్చిందో ఆ పని చేయడానికే అవి ఉన్నాయి. సూది మొనతో గోరు కింద గీకితే గోరు చర్మం నుంచి విడిపోతుంది, ఆ ఖాళీలో తడి చేరుతుంది. పాత మెత్తటి టూత్ బ్రష్, సబ్బు చాలు. కిట్‌లో ఒక్క గాజు ఫైల్ మాత్రం బాగుంది, చేతి గోళ్ళ అంచులు ఒకే వైపుకి రుద్ది నున్నగా చేసుకుంటాను. మిగతావి పిల్లలకి అందకుండా పైన పెట్టేశాను.

ఇప్పటికీ నేను పార్లర్‌కి వెళతాను. పెళ్ళిళ్ళకి గోళ్ళ రంగు వేసుకోవడం నాకు ఇష్టం. కాకపోతే కూర్చోగానే "క్యూటికల్ కత్తిరించొద్దమ్మా, కత్తెర పక్కన పెట్టెయ్" అని చెబుతాను. పరికరాలు నా ముందే శుభ్రం చేయమంటాను. ఎసిటోన్ లేని రిమూవర్ వాడమంటాను, ఎసిటోన్‌తో గోరు ఎండిపోతుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం కూడా మానలేదు. వానల్లో చేతులకి రక్ష అని అత్తయ్య అంటారు, ఎర్రగా పండిన వేళ్ళు చూసుకుంటే నాకూ మనసు నిండుతుంది. చెట్టు ఆకు రుబ్బి పెట్టుకుంటాం. నల్లగా పండుతుందని అమ్మే కోన్ల జోలికి మాత్రం వెళ్ళను, వాటిలో కలిపే రంగు రసాయనంతో బొబ్బలు లేస్తాయి. చర్మం చిట్లి ఉన్న వేలికి ఏ గోరింటాకూ పెట్టను.

గోళ్ళలో కొన్ని మార్పులకి ఈ వస్తువులేవీ పనికిరావు. ఒకే గోటిలో కొత్తగా నల్లటి నిలువు గీత వచ్చి వెడల్పవుతుంటే, గోరు ఆకుపచ్చగా మారితే, చెంచాలా గుంట పడితే, ఎర్రదనం వేలి పైకి పాకి జ్వరం వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చెంచా గోళ్ళు రక్తంలో ఇనుము తగ్గినందువల్ల కూడా రావచ్చు. మా ఆడపడుచుకి అలాగే తెలిసింది.

నా ఉంగరపు వేలి గోరు మీద గాళ్ళు కొసకి చేరి, కత్తిరించుకుంటూ పోతే ఆరు నెలలకి పూర్తిగా పోయాయి. గోటికీ చర్మానికీ మధ్య సందు మూసుకుంది. మళ్ళీ రాలేదు.

మా దగ్గర గిన్నెలు తోమే అక్క మొదట్లో గ్లవ్స్ వద్దంది. "గిన్నె జారుద్ది వదినా, నాకు అలవాటు లేదు" అంది. ఆమె వేళ్ళు నా వేళ్ళ కంటే ఎక్కువ చెడిపోయి ఉన్నాయి. కొని ఇచ్చాను, రెండు రోజులు వేసుకుని పక్కన పడేసింది. ఎందుకని అడిగితే వేళ్ళు పట్టేస్తున్నాయంది. చూస్తే నా సైజే ఆమెకీ తెచ్చాను, ఆమె చేయి నా చేయి కంటే వెడల్పు. ఎక్స్‌ట్రా లార్జ్, అరచేతి వైపు గరుకు గీతలు ఉన్నవి తెచ్చాను. ఇప్పుడు గిన్నె జారడం లేదు. పోయిన వారం కాటన్‌వి ఇంకో డజను కావాలని తనే అడిగింది, ఇంట్లో బట్టలు ఉతికేటప్పుడు వేసుకోవడానికి.